భీవండిలో గులాబీ గుడాలు

తొంభైల నాటి మాట. జగిత్యాలలో నేను గుమాస్తాగా ఉన్న విత్తనాల దుకాణానికి వ్యవసాయాధికారి వచ్చాడు. మందు పట్టించిన గింజల సంచి మీద తెలుగులో హెచ్చరిక లేకపోతే సరుకు అమ్మనివ్వనని చెప్పి వెళ్లాడు. మా షావుకారు చీటీ మీద 'మందు పట్టించిన విత్తనాలు' అని రాసిచ్చాడు. "గంతకన్న ఎక్కువ రాస్తే గిరాకి బెదురుతది" అన్నాడు. నాగావ్‌లో , అదే భీవండిలో, మా బావ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు కాబట్టి గుడ్డ అక్కడే తీసుకుని, సంచులు కుట్టించి, అచ్చు కూడా వేయించుకు రమ్మని నన్ను పంపాడు. నమూనాకు ఒక పాత సంచిలో కాసిని మక్కజొన్న విత్తనాలు పోసిచ్చాడు.

సాయంత్రం నాలుగింటికి బస్సు. సగం మంది సాంచాల పనికి పోయేవాళ్లే. ఒళ్లో సంచి పెట్టుకున్న నన్ను పక్కసీటాయన "ఏముందే అన్నా అండ్ల?" అని అడిగాడు. మందు అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "నాందేడ్ దాటినంక తియ్యరాదే" అన్నాడు మెల్లగా. గింజలు చూపించాక అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దున తొమ్మిదింటికి భీవండిలో ధామన్కర్ నాకా దగ్గర దిగాను. ఇక్కడికి రాబోయేవాళ్లకు ఒక మాట. ఆటో మాట్లాడుకునేటప్పుడు గొంతెత్తి మాట్లాడండి, భీవండిలో మెల్లగా చెప్పింది ఎవరికీ వినబడదు. అక్కయ్య ఇల్లు సాంచాల షెడ్డును ఆనుకునే ఉంది. ఆ టకటకలో సంచి ఆమె చేతికిచ్చి, "మందు పట్టించిన గింజలక్కా, పైలం!" అని జాగ్రత్త చెబుతూ అరిచాను. తలూపింది. నేను బావ వెంట గుడ్డ చూడ్డానికి వెళ్లాను.

ఒంటిగంటకు ఇద్దరం తిరిగొచ్చాం. నేను కాళ్లు కడుక్కుని వచ్చేలోగా బావ ముందు పళ్లెం, అందులో పొగలు కక్కుతున్న గులాబీ రంగు మక్క గుడాలు, నేనిచ్చిన గింజలే ఉడకబెట్టింది! బావ ఒక గింజను వేళ్లతో నలుపుతున్నాడు.

"కచ్చా రంగు బామ్మర్దీ, చేతికి అంటుతాంది."

"మూడు నీళ్లు గడిగిన, ఇంకా పోతలేదు" అంది అక్కయ్య.

నేత మనుషులు కదా. రంగు నిలుస్తుందా పోతుందా అనే చూస్తారు, తినొద్దని తెలియడానికే మందు గింజకు రంగు వేస్తారన్నది తట్టదు. బావ గింజను నోటి దాకా తెచ్చాడు. చేతి మీద కొట్టి గింజ పడగొట్టాను. పళ్లెం ఒక్క తోపు తోశాను.

"విషం బావా!"

"మందంటివి గదరా!" అంది అక్కయ్య. "మీ బావకు మోకాళ్ల నొప్పులు. మందు గింజలు తింటె మంచిదే అనుకున్న."

"పైలమని గూడ చెప్పిన గదక్కా!"

"పైలంగనే వండిన."

మోరీలో పోస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో. చెత్తకుప్ప మీద వేస్తే మేకలు, పావురాలు తింటాయి. నీళ్లకూ పశువులకూ దూరంగా లోతుగా పూడ్చాలని అధికారి చెప్పాడు, నాగావ్‌లో గజం మన్ను ఖాళీ లేదు. మూడు కడుగుల నీళ్లు అప్పటికే మోరీలో కలిశాయి, నాకు ఇప్పటికీ బాధే. చెల్లాచెదురైన గుడాలన్నీ ఏరి కుక్కర్‌లో వేసి, మూత బిగించి తాడుతో కట్టాను. మా ఊళ్లో పూడ్చాలి.

"కుక్కర్ పాయె, మొగుడైతే మిగిలిండు" అంది అక్కయ్య, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ.

సాయంత్రం అచ్చు వేసే దుకాణంలో షావుకారు చీటీ తీశాను. బావ అది లాక్కుని 'మందు' కొట్టేసి 'విషం' అని రాశాడు. కింద 'తినొద్దు' అని చేర్చాడు.

"షావుకారు నన్ను నౌకరిల ఉంచడు బావా."

"గా గుడాలు నన్ను ఉంచకపోతుండె గదరా."

అక్షరాలు బెత్తెడు పెద్దగా వేయమన్నాను.

మూడోనాడు మధ్యాహ్నం మూడింటికి తిరుగు బస్సు. సంచుల కట్టలు టాపు మీద, కొత్త సంచిలో కుక్కర్ నా కాళ్ల దగ్గర. షావుకారుకు ఏం చెప్పాలో కూడదీసుకుంటున్నాను, దిగులుగానే ఉంది. కల్యాణ్ దాటాక పక్కనున్న కోరుట్ల అవ్వ, రాత్రిబడిలో అక్షరాలు నేర్చానని చెప్పిన మనిషి, సంచి మీదికి వంగి కూడబలుక్కుంటూ చదివింది.

"వి... షం."

నన్నొకసారి చూసింది. తన సద్దిగిన్నె తీసి ఒళ్లో పెట్టుకుంది.

"గిది జర దూరం వెట్టు బిడ్డా."

కుక్కర్‌ను అటు జరిపాను. నౌకరీ సంగతి ఏమైనా కానీ, చదవాల్సినవాళ్లు చదివారు. జగిత్యాల దాకా నిమ్మళంగా కూర్చున్నాను.