గుండు ఎత్తిన అన్న, నేనాడిన అబద్ధం

మా చిన్నప్పుడు... అంటే ఇంకా తెల్లదొరలే ఏలుతున్న రోజుల్లో... తెల్లవారేసరికి మా ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు పాలచెంబు పట్టుకుని కూర్చుని ఉండేవారు. పాలు మా అందరికీ కాదు. మా అన్న ఓబులేసుకు.

కొమరోలు పక్కన మా ఊరు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, అన్నకు పదిహేను. అమ్మ నా పసితనంలోనే పోతే అవ్వే పెంచింది. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్‌లో కొడుతోంది... తప్పులుంటే దానివే, నావి కావు.

అంతకు ముందు ఏడాదే అన్న చావడి ముందున్న ఏడు మణుగుల, అంటే ఇప్పటి లెక్కన ఎనభై కిలోల దాకా ఉండే గుండురాయిని భుజానికెత్తి వెనక్కి పడేశాడు. మీసాలొచ్చిన మగాళ్ళే మోకాళ్ళ దాకా తెచ్చి వదిలేసే రాయి అది. ఇక చూసుకోండి... ఊరు అన్నను నెత్తిన పెట్టుకుంది. గొర్రెల వెంట పోనివ్వలేదు, నాగలి పట్టనివ్వలేదు. ఇంటింటికీ వంతులేసుకుని పాలు, నెయ్యి తెచ్చేవాళ్ళు. తెచ్చినవాళ్ళు అన్న తాగేదాకా కదిలేవాళ్ళు కాదు. ఖాళీ చెంబు తీసుకుని, భుజాలు తడిమి చూసి, ఈసారి తిరునాళ్ళలో అవతలి ఊరి వాళ్ళ పొగరు అణిచేది నువ్వేరా అని చెప్పి పోయేవాళ్ళు. అన్న తల ఊపేవాడు. అసలు అన్నకు పాలంటే ఇష్టం లేదు... ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

నాకూ వైభోగమే. బావి దగ్గర నన్నే ముందు తోడుకోమనేవాళ్ళు. దుకాణంలో బెల్లం ముక్క చేతిలో పెట్టేవాళ్ళు. గుండు ఓబులేసు చెల్లెలంటే ఏమనుకున్నారు మరి! తిరునాళ్ళకు డప్పుల బండిలో, అన్నిటికంటే ముందు బండిలో కూర్చోబెడతానని నాయన మాటిచ్చాడు. దాని కోసం రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

తిరునాళ్ళలో ఎత్తాల్సిన రాయి పది మణుగులు. అంత బరువుదే ఒకటి తెప్పించి, ఇంటి వెనక అన్న చేత ఎత్తించేవాడు నాయన. ఇంకా నాలుగు రోజులుందనగా రాయి కోసం వంగిన అన్న వంగినట్టే ఆగిపోయాడు. నడుములో కలుక్కుమందన్నాడు.

నాయన ముఖం మాడిపోయింది. "ఇన్ని పాలు తాగిన ఒంటికి నొప్పేందిరా? ఊరి కండ్లన్నీ నీ మీదనే ఉండాయి. దిష్టి తగిలింది, అంతే" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు అవ్వ అన్నను వాకిట్లో కూర్చోబెట్టింది. ఉప్పు, ఎండు మిరపకాయలు మూడుసార్లు తిప్పి, పెంకులోని నిప్పుల మీద వేసింది. మా వైపు లెక్క ఏమిటంటే... మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, అది పోయినట్టు. ఘాటు వచ్చి దగ్గు పట్టుకుంటే అది దిష్టి కాదు, నిజం నొప్పే. అప్పుడు కట్లు కట్టే ఆయనను పిలవాల్సిందే. కట్టు కడితే ఇక తిరునాళ్ళ లేదు, బండి లేదు.

దిష్టి తీసినవాళ్ళు వెనక్కి చూడకుండా పోయి కాళ్ళు కడుక్కోవాలి కదా... అవ్వ పెరట్లోకి పోయింది. నిప్పుల దగ్గర మేమిద్దరమే మిగిలాం.

ఘాటు వచ్చింది. గొంతు మండిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పావడా అంచు నోట్లో కుక్కుకున్నాను. పెరట్లోంచి అవ్వ అడిగింది.

"పాపా, ఘాటొచ్చిందా?"

"రాలేదవ్వా."

పాడు నోరు నాది... అన్న నా వైపు చూశాడు.

దిష్టి పోయిందని నాయన ఊరంతా చెప్పుకున్నాడు. ఇక నొప్పి అనడానికి అన్నకు దారే లేకుండా పోయింది.

తిరునాళ్ళలో అన్న ఆ రాయి ఎత్తాడు. మోకాళ్ళ మీదికి, రొమ్ము మీదికి, భుజం మీదికి... వెనక్కి పడేశాడు కూడా. ఈలలు, డప్పులు, కేకలు... నన్ను ఎవరో ఎత్తి ముందు బండిలో కూర్చోబెట్టారు. దారి పొడుగునా చప్పట్లు కొడుతూనే వచ్చాను. అన్న వెనక బండిలో గడ్డి మీద పడుకుని వస్తున్నాడని నాకు తెలియదు. ఇంటి ముందు నలుగురు పట్టి దించుతుంటే చూశాను. కాళ్ళు కదలడం లేదు.

కట్లు కట్టే ఆయన వచ్చి తడిమి చూసి, ముందే పిలవాల్సిందన్నాడు. నాయన ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. నాయన ఏడవగా చూడడం నాకదే మొదలు.

అన్న మళ్ళీ నిటారుగా నిలబడలేదు. నెల తిరక్కుండానే పాలు రావడం ఆగిపోయింది... ఎవరినీ తప్పు పట్టను, వాళ్ళ ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు. కొన్నేళ్ళకు కర్ర ఊతంతో మార్కాపురం పోయి, కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగించే పనిలో కుదిరాడు. బతుకంతా అదే పని.

అన్న పోవడానికి ఏడాది ముందు, ఇద్దరికీ తలలు నెరిశాక, వెళ్ళి చెప్పాను. ఆ పొద్దు ఘాటు వచ్చింది, నేనే రాలేదని చెప్పినానన్నా అని.

అన్న పని ఆపలేదు. "నాకు తెల్దా పాపా? నాకూ దగ్గొచ్చింది. నేనూ బిగబట్టుకున్నా" అన్నాడు.

ఎందుకన్నా అని అడిగాను. చేతిలోని చట్రం బిగించి పక్కన పెట్టాడు.

"ఇంటింటి పాలు తాగినోన్ని. నొప్పని ఏ నోటితో చెప్పేది?"

అక్కడే కూలబడి ఏడ్చాను. పదిహేనేళ్ళ పిల్లవాడు... ఒక ఊరి బరువు మోశాడు నా తండ్రి.

ఇప్పుడు మా వైపు పిల్లల చేత గుండ్లు ఎత్తించడం లేదు. మైదానాలు, కోచ్‌లు, వీడియోలు వచ్చాయి. మా మునిమనవడు పరుగు పందేలకు పోతాడు. అందరూ వాడి పతకం చూస్తే నేను మోకాళ్ళు చూస్తాను. నొప్పిగా ఉందా అంటే, ముందు వాళ్ళ నాన్న ముఖం చూసి, లేదు జేజీ అంటాడు. నాకు నమ్మబుద్ధి కాదు... మళ్ళీ అడుగుతాను.

మీలో ఎవరైనా చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళ కోసం, ఊరి కోసం నొప్పి దాచుకుని ఉంటే ఇక్కడ రాయండి... ఇన్నేళ్ళ తర్వాత ఎందుకులే అనుకోకండి. ఆ సాయంత్రం నొప్పిగా ఉందా అని మా అన్నను ఎవ్వరమూ ఒక్కసారైనా అడగలేదు.