పిల్లర్లు లేని ఫంక్షన్ హాలు

మా సారుకు ‘కుదరదు’ అనే మాట రాదు. కరీంనగర్‌లో ఆయన ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ ఆ మాట ఆయన నోట నేను వినలేదు. ఇరుకు జాగాలో నాలుగంతస్తులు కావాలన్నవాడికీ ‘అయితది’, మెట్ల కింద లిఫ్టు పెట్టాలన్నవాడికీ ‘అయితది’. ఒకాయన ఫోన్‌లో ఎక్కడిదో సముద్రం ఒడ్డున ఉన్న బంగ్లా బొమ్మ చూపించి, అచ్చం ఇదే ఇల్లు పెద్దపల్లిలో రెండిళ్ల నడుమ సందులో కావాలన్నాడు. ఆయనకూ ‘అయితది’. సారు చదివింది సివిల్ ఇంజనీరింగే. కార్డు మీద మాత్రం ఆర్కిటెక్ట్ అని వేయించుకున్నాడు. ఆఫీసు గోడ నిండా రంగురంగుల భవనాల బొమ్మలు ఉండేవి. వాటిలో ఒక్కటీ మేం కట్టించింది కాదు.

ఆయన ‘అయితది’ అన్నదాన్ని నిలబెట్టే పని నాది. పిల్లర్ ఎంత లావుండాలి, బీమ్ ఎంత లోతుండాలి, ఎక్కడ ఎంత ఇనుము పడాలి, ఇవన్నీ లెక్కగట్టి గీయాలి. మా ఊళ్లలో ఇల్లు కట్టించుకునేవాళ్లు ముందు చూసేది ఎలివేషన్, అంటే ఇంటి ముఖం. బాల్కనీకి ఏ రంగు, గోడకు ఏ రాయి, గేటు మీద ఏ డిజైన్ అని గంటలు గంటలు కూర్చుంటారు. ఆ బాల్కనీని ఏది మోస్తుందని ఎవరూ అడగరు. నేను చెప్పబోతే ఫోన్ తీసి చూసుకుంటారు.

ఒక ఎండాకాలం, చొప్పదండి రోడ్డులో ఫంక్షన్ హాలు కట్టిస్తానంటూ ఒకాయన వచ్చాడు. ఏళ్ల తరబడి టెంట్‌హౌస్ నడిపినవాడు. చుట్టుపక్కల ఏ లగ్గానికైనా టెంట్లు, కుర్చీలు, వంట గిన్నెలు ఆయన దగ్గరి నుంచే పోయేవి. ఇప్పుడు టెంట్లలో లగ్గాలు చేసేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి తానే హాలు కట్టాలనుకున్నాడు. కింద పెళ్లి హాలు, దాని మీద భోజనాల హాలు. తెల్ల చొక్కా, మెడలో లావుపాటి గొలుసు. మా ఆఫీసు కుర్చీలో కూర్చున్నా అది తన కుర్చీయేనేమో అన్నట్టు కాళ్లు చాపుకుని కూర్చునేవాడు.

నేను గీసిన నక్షాలో పెళ్లి హాలు నడిమధ్యలో రెండు పిల్లర్లు ఉన్నాయి. ఆయన వాటి మీద వేలు పెట్టాడు.

“మేడం, గివేంది?”

“పిల్లర్లు అన్నా. మీద భోజనాల హాలు ఉంది గదా. అంత బరువును ఇవే మోయాలె.”

“గివి అడ్డం వస్తయి. పుస్తె కట్టేటప్పుడు ఎనుక కూసున్నోళ్లకు పిలగాడు కనవడడు, పిల్ల కనవడది. వీడియో తీసేటోని క్రేను తిరగది. తీసెయ్యున్రి.”

“తీసేస్తే మీదున్న స్లాబు నిలవదన్నా.”

ఆయన నవ్వాడు. “ఇరవై ఏండ్ల సంది టెంట్లేస్తున్న మేడం. గుంజ అడ్డమొస్తే అవుతలికి జరుపుతం. గింత దానికి పరేషాన్ ఎందుకు?”

గుడ్డకూ కాంక్రీటుకూ తేడా తెలియని మనిషి. పైగా ఆ తెలియకపోవడాన్ని అనుభవం అనుకుంటున్నాడు. అయినా ఓపిక పట్టి దారి చెప్పాను. భోజనాల హాలు కింద పెట్టుకుందాం, బల్లల మధ్య పిల్లర్లుంటే ఎవరికీ అడ్డం కావు. పెళ్లి హాలును పై అంతస్తులో పెట్టి, దానిపైన ట్రస్‌లు, అంటే ఇనుప చట్రాలు, కట్టి రేకులు వేద్దాం. రేకుల బరువు తక్కువ కాబట్టి నడిమధ్యలో ఒక్క పిల్లర్ కూడా అక్కర్లేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. రెండు రాత్రులు కూర్చుని ఆలోచించిన దారి అది.

“మీదికి ఎవరెక్కుతరు?” అన్నాడాయన. “ఎమ్మెల్యే వస్తడు, పెద్ద పెద్దోళ్లు వస్తరు. మెట్లెక్కి పోయి అక్షింతలేస్తరా? రేకుల షెడ్డు కిందనా లగ్గం జేసేది?”

నేను సారు వైపు చూశాను. సారు టీ గ్లాసు కింద పెట్టి, “అయితది అన్నా. పిల్లర్లు తీసేద్దాం,” అన్నాడు.

ఆయన వెళ్లిపోయాక సారుతో వాదించాను. పిల్లర్లు తీసేస్తే బీమ్ చాలా లోతుగా రావాలని, నిలువెత్తు మనిషి నడుము దాకా వచ్చేంత లోతని చెప్పాను. సారు ఒప్పుకోలేదు. అంత లోతు బీమ్ కిందికి వేలాడితే ఫాల్స్ సీలింగ్ కిందికి దిగుతుందట, షాండ్లియర్లకు ఎత్తు చాలదట. త్రీడీ బొమ్మలో షాండ్లియర్లు అప్పటికే వేలాడుతున్నాయి. వాటికోసం బీమ్ పలచబడాలి.

“ఇంకో నాలుగు రాడ్లెక్కువ వెయ్యమ్మా, అదే నిలవడ్తది,” అన్నాడు.

మా జిల్లాల్లో అన్ని రోగాలకూ అదే మందు. ఎక్కడ అనుమానం వచ్చినా నాలుగు రాడ్లు ఎక్కువ వేస్తారు. లోతు లేని బీమ్‌లో ఇనుము ఎంత కుక్కినా అది వంగుతుందని చదువుకున్న మనిషికి చెప్పాల్సి రావడం కంటే నీచమైన పని లేదనిపించింది. సారుకు ఆ సంగతి తెలియదని కాదు. తెలిసిన దాన్ని అక్కర్లేనప్పుడు పక్కన పెట్టడం ఆయనకు అలవాటైపోయింది.

“నేను సంతకం పెట్టను సార్,” అన్నాను.

“నువ్వు పెట్టకుంటే పెట్టేటోళ్లు మస్తు మందున్నరు. నీకు భయమెక్కువ. గిట్ల భయపడితె గీ లైన్ల పనికిరావు.”

అన్నట్టుగానే ఎవరితోనో పెట్టించాడు. ఎవరని నేను అడగలేదు. మర్నాడు నా సామాను తీసుకుని బయటికి వచ్చేశాను. సామాను అంటే ఒక కాలిక్యులేటరు, టిఫిన్ డబ్బా, రెండు పుస్తకాలు.

ఇంట్లో అవ్వ బియ్యం ఏరుతూ నా మాటంతా విన్నది.

“ఒక పిల్లర్ కోసం నౌకరి ఇడిసిపెడితివా బిడ్డా?”

“ఒకటి గాదే అవ్వా, రెండు.”

“రెండయితె మంచిదే,” అని మళ్లీ బియ్యంలో తల దూర్చింది. ఆమె వెటకారంగా అన్నదో నిజంగా అన్నదో నాకిప్పటికీ తెలియదు.

స్లాబు పోసే ముందు నాకు మనసొప్పలేదు. స్కూటీ మీద సైటుకు పోయాను. స్లాబును మోసే సెంట్రింగ్ చెక్కలు కొట్టి, ఇనుము కట్టి సిద్ధంగా ఉంది. టెంట్‌హౌస్ ఆయన కుర్చీ వేసుకుని వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఆయనకు సూటిగా చెప్పాను. “అన్నా, సెంట్రింగ్ తీసినంక ఇది కిందికి దిగుతది. మీద జనం కూసుని తింటుంటే కూలినా కూలుతది. పొయ్యకున్రి.”

ఆయన ముఖం కాస్త మారింది. వెంటనే సారుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. “సార్, మేడం సైటుకొచ్చింది. కూలుతదంటుంది.”

ఫోన్‌లోంచి సారు నవ్వు వినిపించింది. “ఫికర్ చెయ్యకు అన్నా. ఆమె నా దగ్గర పని మానేసింది. కోపం మీదున్నది. నేనున్న గదా.”

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, “చాయ్ తాగుతరా మేడం?” అన్నాడు. నేను తాగలేదు. వెనక్కి వస్తుంటే కాంక్రీటు కలిపే మిషను మొదలైన చప్పుడు వినబడింది. వాళ్లిద్దరి మీద కంటే ఆ చప్పుడు మీద నాకెక్కువ కోపం వచ్చింది ఆ పొద్దున.

తర్వాత నేను సొంతంగా చిన్న చిన్న పనులు పట్టుకున్నాను. నిర్మల్‌లో ఒక బడికి రెండు గదులు, గోదావరిఖని దగ్గర ఒక ఇల్లు. ఎలివేషన్ గురించి నన్నెవరూ అడిగేవాళ్లు కాదు, ఎందుకంటే అందమైన ఎలివేషన్ కావాలనుకునేవాళ్లు నా దగ్గరికి రారు.

వానాకాలం మొదట్లో, ఒక పెద్ద వాన వెలిసిన పొద్దున, టెంట్‌హౌస్ ఆయన నుంచి ఫోన్.

“మేడం, జర వస్తరా? మీదున్న స్లాబు నడిమిట్ల నీళ్లు నిలవడ్డయి.”

“ఎంత జాగాల?”

“కుంట లెక్కున్నయి మేడం. కింద బీమ్‌కు గీతలు గూడ వచ్చినయి.”

సెంట్రింగ్ తీసి ఎంతో కాలం కాలేదట. నేను పోయేసరికి ఆయన హాలు బయట నిలబడి ఉన్నాడు, లోపలికి అడుగు పెట్టడం లేదు. నేను లోపలికి పోయి తలెత్తి చూశాను. బీమ్ నడుము దగ్గర పగుళ్లు, వేలిగోరు దూరేంత వెడల్పు. కింద నిలబడితే కంటికే తెలుస్తోంది, చివరల కంటే మధ్య కిందికి దిగి ఉంది. మెట్లెక్కి, ఇంకా కప్పు పడని పై అంతస్తుకు పోయాను. భోజనాల బల్లలు వేయాల్సిన చోట ఎర్రటి వాననీళ్లు. ఒక కొంగ కూడా వచ్చి నిలబడి ఉంది. నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ నవ్వులో జాలి ఏమాత్రం లేదు.

దిగి వచ్చి మొదట ఆ నీళ్లు తోడించమన్నాను. తర్వాత బీమ్ పొడవునా కింద జాకీలు నిలబెట్టించాను. సాయంత్రం దాకా అక్కడే ఉండి, ఒక్కో జాకీ బీమ్‌కు తగిలి బిగిసిందో లేదో చూసుకున్నాను. ఇక కూలదని నమ్మకం కుదిరాక ఆయనతో మాట్లాడాను.

“నడిమిట్ల రెండు పిల్లర్లు లేపాలె అన్నా.”

ఆయన గడప అవతలి నుంచే హాలు నడిమధ్యకు చూశాడు.

“అవి నిలవెట్టినంత మాత్రాన సరిపోదు. ఇన్ని రోజులు బీమ్ కింది దిక్కు సాగింది. కింద పిల్లర్ తాకినంక అక్కడ మీది దిక్కు సాగుతది. మీద ఇనుము లేదు. స్లాబు తొలిచి మీద కొత్త రాడ్లెయ్యాలె.”

“ఎట్లయితె అట్ల జెయ్యున్రి మేడం,” అన్నాడు. మళ్లీ మెల్లగా, “గా పిల్లర్లు కనవడకుంట చెయ్యరాదు?” అని అడిగాడు.

నడిమధ్యలో నిలబడే పిల్లర్ కనబడకుండా ఎలా ఉంటుంది? ఆ రోజు ఆ మనిషి ముఖం మీద చెప్పాల్సినవన్నీ నోటిదాకా వచ్చాయి. జాకీల కింద పలకలు సరిగ్గా ఉన్నాయో లేదో మరోసారి చూడమని పనివాళ్లకు చెప్పి, స్కూటీ ఎక్కాను.

వానాకాలమంతా ఆ పనికే సరిపోయింది. హాలు లోపలే గుంతలు తీసి, పునాదులు పోసి, పిల్లర్లు లేపాం. కొత్తగా వేసిన మొజాయిక్ సగం పగలగొట్టాల్సి వచ్చింది. సారు ఒక్కసారి కూడా అటు రాలేదు.

ప్రారంభోత్సవానికి మాత్రం వచ్చాడు. నాకూ పిలుపొచ్చింది గాని నేను పోలేదు. ఆ హాలులోకి నేను మళ్లీ అడుగుపెట్టింది మా మేనమామ కూతురి లగ్గానికి. రెండు పిల్లర్ల చుట్టూ ఫైబర్‌తో ఏనుగులు, తామరపూలు, పైన బంగారు రంగు గొడుగులు. మధ్యలో లైట్లు. పిల్లలు, పెద్దలు వాటికి ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు. ఆ ఏనుగుల పిల్లర్ల ఐడియా సారుదేనట. ప్రారంభోత్సవం నాడు మైకులో చెప్పారట, ఆయనకు శాలువా కూడా కప్పారట. మా మేనమామే చెప్పాడు ఈ సంగతి, మెచ్చుకోలుగా. “గీ ఏనుగులు జూసే గీ హాలు బుక్ చేసిన బిడ్డా,” అన్నాడు.

నేను పైకి పోయి భోజనానికి కూర్చున్నాను. నాలుగు వరుసల బల్లలు, కిక్కిరిసిన జనం, వడ్డించేవాళ్ల పరుగులు. నేల కదలడం లేదు. అంతమందిలో ఆ సంగతి గమనిస్తూ తింటున్నది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

టెంట్‌హౌస్ ఆయన నన్ను చూసి వచ్చి పక్కన కూర్చున్నాడు. బగారన్నం మళ్లీ వేయించాడు. మాట్లాడడానికి ఏమీ లేక, చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగాను.

“అన్నా, ఆ వానపొద్దుగాల సార్‌కు ఫోన్ చెయ్యక నాకెందుకు చేసినరు?”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “సార్‌ను పిలిస్తె ఏం గాదంటడు మేడం. ఏం గాదంటె నమ్మాలనిపిస్తది. గా పొద్దు నాకు భయమైంది.”

“అంటే నేను చెప్పింది నిజమని మీకు ముందే ఎరుకేనా? స్లాబు పొయ్యకముందే?”

“ఎరుకే ఉండె మేడం,” అన్నాడు. కొంచెం కూడా సిగ్గుపడలేదు. “గాని గప్పుడు ఇననీకి మంచిగనిపియ్యలే.”

అప్పటిదాకా నేను ఆయన్ను తెలివి తక్కువ మనిషి అనుకుని చిన్నచూపు చూశాను. టెంటు గుంజకూ పిల్లర్‌కూ తేడా తెలియనివాడని లోలోపల ఎన్నిసార్లు వెక్కిరించానో. తేడా తెలియక కాదన్నమాట. ఎవరు నిజం చెబుతున్నారో తెలిసే, వినడానికి బాగున్న మాటను ఎంచుకున్నాడు. ఆ మాట కింద వందల మందిని కూర్చోబెట్టడానికి సిద్ధపడ్డాడు. తెలియనివాడి మీద ఉండే చిన్నచూపులో ఎక్కడో కొంత జాలి కలిసి ఉంటుంది. ఆ క్షణాన ఆ జాలి కూడా పోయింది.

“పెరుగేపియ్యనా మేడం?” అని అడిగాడు.

వద్దన్నాను. విస్తరి మడిచి లేచి, చేయి కడుక్కోవడానికి పోయాను. కుళాయిల దగ్గర వరుస ఉంది. నా ముందు నిలబడ్డ ఒక ముసలమ్మ, కొత్తచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, “హాలు మస్తు కట్టిండ్రు గదా బిడ్డా,” అంది.

“గట్టిగ కట్టిండ్రు,” అన్నాను. ఆ గట్టితనం ఎవరిదో ఆమెకు చెప్పే ఓపిక నాకు లేదు.