ఐదో చరణం

గుండెల మీద బండ అని అందరూ తేలిగ్గా అనేస్తారు. నా బరువు అలా ఒకచోట పడి ఉండేది కాదు. ఆదివారం ఆరాధనలో పాటల పుస్తకం తెరిస్తే అందులో ఉంటుంది. ఎవరైనా పోయారని కబురొస్తే దాని వెనకే వస్తుంది. ఇరవై రెండేళ్లయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని.

మాది మచిలీపట్నం. తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ముత్తాత దొరల కాలంలో ఉపదేశి. ఊళ్లు తిరిగి వాక్యం చెప్పడం, చదువు రానివాళ్లకి అక్షరాలు దిద్దించడం ఆయన పని. మా సంఘం పాటల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం, కట్టినవారి పేరు వేస్తారు. ఒక పాట మీద మా ముత్తాత పేరుంది. ‘పడవ రాకముందే నీవు వచ్చితివి’ అని మొదలవుతుంది. నాలుగు చరణాలు.

మా వైపు సంఘాల్లో ఎవరు పోయినా పెట్టె లేపేటప్పుడు ఆ పాటే పాడతారు. మొదటి పాదం కట్టినవారి ఇంటివాళ్లు ఎత్తాలి. ఇది ఎక్కడా రాసిలేదు, ఎవరూ తప్పరు. అందుకని చల్లపల్లి నుంచీ, కోడూరు నుంచీ కూడా మా ఇంటికి కబురొచ్చేది. తాతయ్య ఎత్తారు, నాన్న ఎత్తారు, నాన్నకి గొంతు పోయాక నేను ఎత్తాను. మేం వెళ్లేదాకా పెట్టె లేవదు. గుమ్మంలో నిలబడ్డవాళ్లు పక్కకి జరిగి దారిస్తారు. ఆ దారి నాకు ఎంత ఇష్టమో, ఎంత సిగ్గుపడి చెప్తున్నానో మీకు తెలియాలి. చావింట్లో కూడా నాకు ఒక రకం సంతోషం ఉండేది.

సండే స్కూలు పిల్లలకి ఆ పాట నేనే వివరించేదాన్ని. పడవ అంటే మరణం, రేవు అంటే పరలోకం, ఇది రూపకాలంకారం అని. పట్నంలో పెరిగిన మా ముత్తాతకి ఇంత చక్కటి ఊహ ఎలా వచ్చిందో చూడండర్రా అని గర్వపడేదాన్ని.

పాటల పుస్తకం కొత్తగా అచ్చువేయాలని సంఘం పెద్దలు కమిటీ వేశారు. పాటలు కట్టినవారి జీవితాలు క్లుప్తంగా రాసే పని నాకు అప్పగించారు. ఆ సంగతి తెలిసి కోడూరు దగ్గర ఒక పల్లె నుంచి మార్తమ్మ గారని ఒకావిడ మా ఇంటికి వచ్చారు. అరవై ఐదేళ్లుంటాయి. రెండు బస్సులు మారి వచ్చారు. పాత చీర ముక్కలో చుట్టిన ఒక నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. ఆ పాట తన అమ్మమ్మ వాళ్లమ్మ కట్టిందని, ఆ సంగతి పుస్తకంలోనే రాసి ఉందని తన తల్లి చెప్పేదట. ఆవిడకి చదువు రాదు. చదువుకున్న పిల్లలకేమో ఆ పాత గొలుసుకట్టు రాత అర్థం కాలేదు. అక్షరం అక్షరం కలిపి కలం ఎత్తకుండా రాసే ఆ రాత నాకు నాన్న నేర్పారు. నేనైతే చదువుతానని వాళ్ల పాస్టరు గారు పంపారట. ఆవిడ అడిగింది ఒక్కటే. కొత్త పుస్తకంలో పాట మీద ఆ పేరు వేయించమని. వారం ఆగి రమ్మన్నాను.

ఆ మధ్యాహ్నమే చదివాను. మొదటి పేజీ చూడగానే గుర్తుపట్టాను. అది మా ముత్తాత రాత. మా ఇంట్లో ఆయన ఉత్తరాలున్నాయి, నేను పొరబడే అవకాశమే లేదు. ప్రార్థనలు, పద్యాలు, ఆ తర్వాత ఈ పాట. నాలుగు కాదు, ఐదు చరణాలు. ఐదో చరణంలో కట్టినావిడ తన పేరు చెప్పుకుంది. ఉప్పెన వచ్చినప్పుడు ఇంటి కప్పు మీద పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. మూడో నాడు పడవ వచ్చేసరికి పిల్ల లేదు. పడవకంటే ముందు వచ్చింది దేవుడు, వచ్చి పిల్లని తీసుకుపోయాడు. మొదటి పాదానికి అర్థం అదీ. అందులో ఓదార్పు ఎంతో, నిలదీయడం ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. అలంకారం మాత్రం కాదు. నేను పిల్లలకి ఇన్నేళ్లూ చెప్పింది ఏమిటి మరి?

పాట కింద మా ముత్తాత రెండు వాక్యాలు రాశారు. ఈ పాట సుందరమ్మ చెప్పగా తాను రాసి పెట్టాననీ, ఆమెకు ఆనవాలుగా ఈ పుస్తకం ఇస్తున్నాననీ.

ఆయన దొంగ కాదు. అచ్చుకి పంపినవాడి పేరే కట్టినవాడి పేరని అచ్చువాళ్లు అనుకుని ఉంటారు. ఐదో చరణం ఎందుకు వదిలేశారో తెలియదు. ఆయన పోయాక పాటల పుస్తకం అచ్చయి వచ్చిందో, ముందే వచ్చిందో అదీ తెలియదు. తెలిసింది ఒకటే. ఆయన ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టారు. ఆ నిజం నా చేతికొచ్చింది.

పక్క గదిలో నాన్న పడక్కుర్చీలో ఉన్నారు. ఎనభై ఐదు దాటాయి. ఆ పాటతో తనని సాగనంపాలని అప్పటికే నాకు పదిసార్లు చెప్పారు. ఈ కాగితం ఆయనకి ఎలా చూపిస్తాను? అలా అనుకున్నాను. ఇప్పటిదాకా నాకు నేను చెప్పుకున్న సమాధానం అదే. కానీ నాన్న ఆ తర్వాత రెండేళ్లకి పోయారు. ఆయన పెట్టె దగ్గర నేనే పాట ఎత్తాను. మరి ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఎవరి కోసం నోరు మూసుకున్నాను? నాన్న నాకు అడ్డం పెట్టుకోవడానికి దొరికారు, అంతే. నాకు కావలసింది గుమ్మంలో ఆ దారి.

బ్లేడుతో ఆ కాగితం కోశాను. స్కేలు పెట్టి, కుట్టు దగ్గర ఆనవాలు లేకుండా, నీటుగా. చింపి పారేయడానికి మాత్రం మనసు రాలేదు, మా ముత్తాత చేతిరాత కదా. నా సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టాను.

వారానికి మార్తమ్మ గారు వచ్చారు. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నారు.

“ఉందాండీ పేరు?” అన్నారు.

“మొత్తం చదివానండి. ప్రార్థనలూ పద్యాలూ ఉన్నాయి. ఈ పాట లేదు.”

“లేదా? బాగా చూశారా అమ్మా?”

“రెండుసార్లు చూశానండి.”

ఆవిడ పుస్తకం తీసుకుని, చీర ముక్కలో మళ్లీ చుట్టుకున్నారు. “మాయమ్మ ఊరికే చెప్పుంటదండి,” అన్నారు. “పిల్లలం ఏడుస్తుంటే ఏదో ఒకటి చెప్పాలిగా. నేనే నిజమనుకుని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటా తిరిగా. మిమ్మల్ని శ్రమపెట్టా, ఏమీ అనుకోకండి.”

వెళ్తూ సంచిలోంచి ఎండు రొయ్యల పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. వద్దనలేకపోయాను. ఆ రాత్రే వంకాయతో వండాను. బాగున్నాయని నాన్న రెండోసారి వేయించుకున్నారు. నేనూ తిన్నాను. గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది.

కొత్త పుస్తకం వచ్చింది. మా ముత్తాత జీవితం ముప్పావు పేజీ రాశాను. బాగా రాశానని అందరూ అన్నారు.

తర్వాత దివిసీమ వైపు సభలకి వెళ్లినప్పుడు మార్తమ్మ గారు రెండు మూడుసార్లు కనిపించారు. నన్ను చూడగానే లేచి నిలబడి, పక్కవాళ్లకి చూపించేవారు, ఆ పాట కట్టినవారి మునిమనవరాలని. ఆవిడ నాకు దండం పెట్టినప్పుడల్లా నామీద నాకు అసహ్యం వేసేది. ఆ అసహ్యం ఇంటికొచ్చేదాకా ఉండేది. మర్నాటికి తగ్గేది. అలా తగ్గడమే నన్ను ఇప్పుడు ఎక్కువ భయపెడుతోంది.

మొన్న క్రిస్మస్ వెళ్లిన వారానికి ఫోనొచ్చింది. మార్తమ్మ గారు పోయారు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివిన మనవరాలు మాట్లాడింది. పాట నేనే వచ్చి ఎత్తాలని మామ్మ చెప్పి పోయిందట. ఒంట్లో బాగోలేదని అనచ్చు. అనలేదు. ఎందుకు వెళ్లానో నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. అక్కడ అందరి ముందూ చెప్పేస్తానని అనుకున్నానా? అనుకున్నాను. ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే వెళ్లాను.

నేను దిగగానే గుమ్మంలో జనం పక్కకి జరిగారు. పెట్టె పక్కన నిలబడి మొదటి పాదం ఎత్తాను. అందరూ అందుకున్నారు. నాలుగు చరణాలు అయ్యాయి. పుస్తకాలు మూసిన చప్పుడు వినిపించింది. ఐదోది నాకు కంఠతా వచ్చు. అంతమందిలో అది వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నోరు తెరిచాను కూడా. పెట్టె లేపమని పాస్టరు గారు చెయ్యి ఊపారు. నేను తప్పుకుని దారిచ్చాను.

సమాధి దగ్గర్నుంచి వస్తుంటే మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. “మీ ముత్తాతగారి పాట లేకపోతే మామ్మకి తృప్తిగా ఉండేది కాదండి,” అంది. పర్వాలేదమ్మా అన్నాను. బస్సెక్కి వచ్చేశాను.

ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు. చెప్తానో లేదో, నా సంగతి నాకు తెలుసు గనక, మాట ఇవ్వను. చెప్పినా వినవలసిన మనిషి మట్టిలో ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. కానీ ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది, రాశాక కలం కింద పెట్టి చాలాసేపు ఊపిరి తీసుకుంటూ కూర్చున్నాను. ఆ పాట సుందరమ్మది. మార్తమ్మ గారికి వాళ్లమ్మ చెప్పింది నిజం.