బావగారి పక్క సీటు

మా అత్తవారింట్లో కోడళ్లు బావగారి ఎదుట కూర్చోకూడదు. ఆయన అరుగు ఎక్కుతుంటే మేము లేచి లోపలికి వెళ్లిపోయేవాళ్లం. నేను కాపురానికి వచ్చినప్పటినుంచి మా ఆయన అన్నగారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపమేమీ లేదు. అదే మా ఇళ్లలో గౌరవం.

డెబ్బైల నాటి సంగతి. ఏడో నెలలో నాకు కాళ్లు వాచాయి. తలనొప్పి, కళ్ల ముందు మసక. మంత్రసాని చూసి, "ఇది నా చేతిలో పని కాదమ్మా. తిరువూరు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైతే బిడ్డ దక్కదు" అంది. మా ఆయన అప్పటికే పత్తి బండి తోలుకుని పొరుగూరు వెళ్లిపోయాడు. అత్తగారు బావగారిని తోడు పంపింది.

గంపలగూడెంలో బస్సెక్కేసరికి ఆడవాళ్ల సీట్లు నిండిపోయి ఉన్నాయి. ముందు ఎక్కిన బావగారు కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు మొత్తంలో ఆయన పక్క సీటొక్కటే ఖాళీ. నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన బయటికి చూస్తూ కూర్చున్నారు.

"కూర్చో తల్లీ, ఆయనేమన్నా కొరుకుతాడా?" అంది ముందు సీట్లో గాజుల బుట్టతో ఉన్న సాయిబుల ఆవిడ. నేను తల అడ్డంగా ఊపాను.

కండక్టరు వచ్చి బావగారికి రెండు టిక్కెట్లు కొట్టాడు. "ఏవయ్యా పెద్దమనిషీ! కడుపుతో ఉన్న పెళ్లాన్ని నిలబెట్టి గాలికి కూర్చున్నావా? జరుగు, కూర్చోబెట్టుకో."

బస్సంతా నవ్వింది. బావగారి మొహం కందిపోయింది. ఆయన చటుక్కున లేచి నిలబడ్డారు. పెద్దాయన నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటాను? నేనూ కదల్లేదు. రెండు సీట్లూ ఖాళీగా ఉన్నాయి.

"భలే మొగుడూ పెళ్లాలు! సీటుని ఊరేగిస్తున్నారు" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"బస్సు ఆపండి" అన్నారు బావగారు. పొలాల మధ్య, ఎండలో దిగిపోయారు. నేను కూర్చోవడానికి ఆయనకు తోచిన దారి అదొక్కటే. పిలుద్దామంటే నోరు రాలేదు. ఆయన్ని నేనెప్పుడూ పిలవలేదు కదా. బస్సు కదిలాక గుర్తొచ్చింది, డబ్బులన్నీ ఆయన జేబులోనే ఉన్నాయని.

గాజులావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. "మీ ఆయనకి అంత పౌరుషమా?"

"మా బావగారండి."

ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. తిరువూరులో దిగాక ఆసుపత్రి దాకా నడిపించుకెళ్లింది. చదువు నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఒక్క బోర్డూ చదవలేను. ఆవిడ లేకపోతే ఆ మాత్రం కూడా చేరేదాన్ని కాదు.

డాక్టరమ్మ బీపీ చూసి, సూది వేయించి, "వెంటనే బెజవాడ తీసుకెళ్లాలి. నీ వెంట ఎవరొచ్చారు?" అంది.

"వస్తారండి."

"ఎప్పుడు?"

వరండాలో బల్ల మీద పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గేటు వైపు చూస్తూ ఉన్నాను. మొదట్లో బిడ్డ కదులుతూనే ఉంది.

తర్వాతి బస్సు పట్టుకుని బావగారు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ ఆయన్ని కేకలేసింది. ఆయన తలొంచుకుని విన్నారు. బెజవాడ బస్సులో నన్ను ఆడవాళ్ల దగ్గర కూర్చోబెట్టించి, తాను డ్రైవరు వెనక నిలబడ్డారు. దారిలో ఎక్కడో చేతి కింద కదలిక ఆగింది. చెబుదామని చూశాను. మా మధ్య అంతమంది మనుషులు. చెప్పినా ఆయన చేయగలిగిందేముంది?

పెద్దాసుపత్రిలో మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు.

ఇంటికి వచ్చాక పరామర్శకు వచ్చినవాళ్లకి అత్తగారు జరిగినదంతా చెప్పింది. బావగారు బస్సు దిగిపోయిన సంగతి దగ్గర మాత్రం ఆవిడ గొంతు కాస్త లేచింది. "మా పెద్దాడికి మర్యాద తెలుసమ్మా" అంది. వచ్చినవాళ్లంతా అవునన్నారు. నేను లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని వింటున్నాను.