రెండో పెట్టె

నాటకానికి పోయేటప్పుడు హార్మోనియం పెట్టె ఒకటి చాలా, రెండు తీసుకుపోవాలా అని కుర్ర హార్మోనిస్టులు నన్ను అడుగుతుంటారు. రెండు తీసుకుపొమ్మంటాను. ఎందుకని అడిగితే ఎండకు చెక్క బీటలిస్తుందనో, దుమ్ముకు రీడ్లు మూగబోతాయనో చెప్పి పంపిస్తాను. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

మాది కోసిగికి నాలుగు మైళ్ల దూరంలో ఒక చిన్న పల్లె. మా నాయన ఆ ఊరి చర్చిలో ఉపదేశి. వారమంతా ఇతరుల చేలల్లో పని చేసేవాడు, ఆదివారం వాక్యం చెప్పేవాడు. ఎప్పుడో ఒక దొరసాని ఊరు విడిచి పోతూ ఇచ్చిన చేతి హార్మోనియం చర్చిలో ఉండేది. దాని మీద కీర్తనలు వాయిస్తూనే నాకు చెయ్యి తిరిగింది. ఇరవై రెండేళ్ల వయసులో పత్తికొండకు చెందిన ఒక నాటకాల కాంట్రాక్టరు నా వాయింపు విని తన జట్టులోకి పిలిచాడు. దేవుళ్ల నాటకాలకు వాయిస్తాడా వీడు అని చర్చి పెద్దలు గొణిగారు. మా నాయన మాత్రం, "పెట్టెకేం తెలుస్తాదిరా అది ఎవురి పాటో. బాగా వాయించు, అంతే," అన్నాడు.

ఆ జట్టుకు ప్రాణం రాజు వేషం వేసే ఆయన. మేమందరం ఆయన్ను వేషంలో ఉన్నా లేకున్నా రాజనే అనేవాళ్లం. నలభై దాటిన మనిషి, నిలువెత్తు విగ్రహం. మైకులు లేని కాలమది. ఆయన పద్యం ఎత్తుకుంటే చిట్టచివర చాప పరుచుకుని కూర్చున్న ముసలమ్మకు కూడా ఒక్కో అక్షరం విడివిడిగా వినపడేది. పద్యం చివర రాగం తీస్తూ పై స్వరం మీద నిలబడితే జనం 'వన్స్ మోర్' అంటూ లేచేవాళ్లు. పగ ఉంది కదా అని ఆ గొంతు గురించి అబద్ధం చెప్పను. అటువంటి గొంతు మళ్లీ వినలేదు.

పంటలు ఇంటికి చేరాక, ఎండలు ముదిరే నెలల్లోనే మాకు పని. ఎద్దుల బండి మీద, గతుకుల దారిలో ఊరూరా తిరగడం. ఆ ఎండకు పెట్టె తిత్తి తోలు పగిలేది, మెట్లు బిగుసుకుపోయేవి. ఒకసారి ఆలూరు దారిలో ఆగినప్పుడు, రెండో పెట్టె ఒకటి వెంట ఉంచుకుందామని కాంట్రాక్టరును అడిగాను. ఆయన రాజు వైపు చూశాడు. బండిలో ఎవరి సామానుకు ఎంత చోటో తేల్చేది రాజే.

"రెండు పెట్టెలా?" అన్నాడు రాజు. "రేపు నీకు జరమొస్తాదేమోనని ఇంగొక హార్మోనిస్టును గూడా గోనెసంచిలో కట్టుకోని పోదామా?"

అందరూ నవ్వారు. ఆయనకు మాత్రం కిరీటాలు రెండు. ఒకదాని రాళ్లు ఊడితే ఇంకొకటి ఉండాలట. సవరాలు మూడు. వాటి పెట్టెలకే సగం బండి సరిపోయేది.

"కిరీటం లేకున్నా పద్యం నిలబడతాదన్నా. పెట్టె లేకుంటే నిలబడదు," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. రెండో పెట్టె మాత్రం రాలేదు.

నెల తిరగకముందే కోసిగిలో నాటకం పడింది. మా నాయన అంతవరకు నాటకం చూసి ఎరగడు. ఆ రోజు ఉతికిన పంచె కట్టుకుని నడిచి వచ్చాడు. నేను కూర్చునే చోటుకు ఎదురుగా, నేల మీద, ముందు వరుసలో కూర్చున్నాడు. వేషాలను ఆయన చూడనే లేదు. నా వేళ్ల వైపే చూస్తున్నాడు.

రెండో అంకంలో రాజు పెద్ద పద్యం ఎత్తుకున్నాడు. సగంలో ఒక మెట్టు కింద స్ప్రింగు తెగింది. నొక్కిన మెట్టు మళ్లీ లేవలేదు. తిత్తి ఊదుతున్నంతసేపూ ఆ ఒక్క స్వరం మొండిగా మోగుతూనే ఉంది. గోటితో పైకి లేపాను, మళ్లీ పడింది. తిత్తి ఆపితే శృతి పోతుంది, ఆపకపోతే ఆ మూలుగు పోదు. జనంలో ఎవడో, "రాజుగారి దున్నపోతు అరుస్తాండాది!" అని కేక వేశాడు. ఊరంతా ఒక్కసారి నవ్వింది.

రాజు పద్యం ఆపేశాడు. నేరుగా నా దగ్గరికి వచ్చి, ఉంగరాలున్న చేత్తో చెంప మీద కొట్టాడు. పెట్టెను కాలితో తన్నాడు. అది వేదిక మీంచి కింద పడి తిత్తి చిరిగిపోయింది. అప్పుడు ఆయన జనం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అయ్యలారా, తప్పు నాదే. చర్చిలో ఏడ్చే పెట్టెవాన్ని తెచ్చి సభలో కూర్చోబెట్టినా."

ఈసారి చప్పట్లు కొట్టారు. నేను కిందికి దిగి చెక్క ముక్కలు ఏరుకుంటూ తలెత్తి చూశాను. మా నాయన కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

కొడుకు పరువు పోవడం చూడలేక వెళ్లిపోయాడనుకున్నాను. ఆ ముఖం పెట్టుకుని ఇంటికి పోలేకపోయాను. నేరుగా స్టేషనుకు పోయి, మొదట వచ్చిన రైలెక్కి గుంతకల్లులో దిగి, అక్కణ్ణించి కడప చేరాను. కడపలో దర్గా దగ్గర హార్మోనియంలు బాగుచేసే సాయిబు ఒకాయన ఉన్నాడని వినివున్నాను. ఆయన నా చెంప మీది వాపు చూశాడు. చేతికి ఆకురాయి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు ఉస్తాద్.

కడపలో ఉన్నానని ఇంటికి ఒక కార్డు రాశాను కానీ, నాలుగేళ్లు ఊరి ముఖం చూడలేదు. మా నాయన చనిపోయిన కబురు అక్క తెచ్చింది. అంగడి ముందు కూర్చుని ఏడ్చి ఏడ్చి, తర్వాత అడిగింది.

"ఆ పొద్దు నాయన యాడికి పోయినాడో నీకు తెలుసునా?"

"సిగ్గుపడి ఇంటికి పోయినాడు."

"సిగ్గా? నీ పెట్టె చెడిపోయిందని కనిపెట్టి, చర్చి పెట్టె తీసకరాను ఊరికి పరిగెత్తినాడు. నిన్ను కొట్టింది గూడా ఆయన చూడలేదు. చర్చి పెద్దాయన్ను లేపి, కాళ్లు పట్టుకోని తాళంచెవి తీసుకున్నాడు. ఆ పెట్టె నెత్తిన పెట్టుకోని నాలుగు మైళ్లు నడిచినాడు."

మా నాయన కోసిగి చేరేసరికి తెల్లవారిందట. పందిరి విప్పుతున్నారట. రాజు ముఖం మీది రంగు తుడుచుకుంటున్నాడట. మావాడు యాడయ్యా అని మా నాయన అడిగితే, "పారిపోయినాడు. ఆ పెట్టె నీ నెత్తి మీదనే బాగుండాది, అట్లనే పో," అన్నాడట. మా నాయన అట్లాగే ఎత్తుకుని వెనక్కి నడిచాడు. పెద్దలు ముందే గొణిగారు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు. చనిపోయే ముందు అక్కకు చెప్పాడు.

అంతవరకు నాలో ఉన్నది అవమానమే. ఆ రోజు నుంచి అది పగ అయింది. చెంపదెబ్బను మరిచిపోగలిగేవాణ్ణేమో. నెత్తిన పెట్టెతో ఎండలో వెనక్కి నడిచి పోతున్న మా నాయనను మాత్రం మరవలేకపోయాను. ఆదివారం చర్చిలో క్షమాపణ గురించి వాక్యం వింటూ కూడా ఆ మనిషి గొంతును ఏం చేయాలా అని ఆలోచించేవాణ్ణి. ఆయన బతికేది ఆ గొంతుతోనే.

అప్పట్నించి ఎక్కడ వాయించడానికి పోయినా రెండు పెట్టెలు తీసుకుపోయేవాణ్ణి. అందులో రెండోది మామూలు పెట్టె కాదు. దర్గాలో పాడే ఒక ఖవ్వాలీ పాటగాని కోసం ఉస్తాద్ చేసింది. ఆయనకు వేళ్లు అలవాటైన మెట్ల మీద తప్ప ఆడవు, గొంతేమో ఇంకా పైకి పోతుంది. అందుకని రీడ్లన్నీ రెండు మెట్లు పైకి జరిపి బిగించారు. ఐదో శృతి మెట్టు నొక్కితే అంతకన్నా ఎత్తైన ఆరో శృతి పలికేది. ఆ పాటగాడు ఊరు విడిచిపోయాక పెట్టె నా దగ్గరే ఉండిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో, కడప వర్తకులు కొందరు రాజుకు సన్మానం తలపెట్టారు. మధ్యాహ్నం మూడు గంటలకు, ఒక బడి ఆవరణలో చలువపందిరి కింద. ఆయన మూడు పద్యాలు పాడాలి. ఆ ఉదయం రైలు దిగేటప్పుడు ఆయన హార్మోనిస్టు చేతిలోంచి పెట్టె జారి పడింది. బాగుచేసే అంగడి ఎక్కడా అని అడుగుతూ ఇద్దరూ మా దగ్గరికే వచ్చారు.

ఆయన జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. నాకు గడ్డం, కళ్లద్దాలు. నన్ను గుర్తుపట్టలేదు.

"ఏమప్పా, మధ్యాన్నానికి ఇది బాగైతాదా?"

"కాదన్నా, రెండు దినాలు పడతాది. నా పెట్టె తెస్తా. అయితే నా పెట్టె నేనే వాయిస్తా."

"నాది ఐదో శృతి. శానామంది దించుకున్నారు, నేను దించలేదు. తెలుసు గదా?"

"తెలుసన్నా."

బయల్దేరేటప్పుడు నేను రెండు పెట్టెలూ జట్కాలో పెట్టడం చూసి, రెండెందుకని ఆయన అడిగాడు. ఒకటి మొరాయిస్తే ఇంకొకటి ఉండాలి గదా అన్నాను.

"మంచి పని. ఇంత జాగ్రత్త ఎవురికుంటాది?" అన్నాడు రాజు.

జట్కా కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

మొదటి రెండు పద్యాలకు మంచి పెట్టె మీద వాయించాను. మనసారా వాయించాను. ఆయన ఎక్కడ ఊపిరి తీస్తాడో, ఎక్కడ స్వరం మీద వాలతాడో నా వేళ్లకు ఇంకా గుర్తుంది. జనం ఊగిపోయారు. ఆయన నా వైపు చూసి మెచ్చుకోలుగా తలూపాడు. అంత ఎత్తుకు ఎక్కించాలనే నేను అలా వాయించాను.

తర్వాత వర్తకుల పెద్ద ఒకాయన ఉపన్యాసం చేశాడు. అది సాగుతుండగా, తిత్తి గాలి పోతోందని చెప్పి రెండో పెట్టె ముందుకు జరుపుకున్నాను. రాజు మూడో పద్యానికి లేచాడు. అలవాటు ప్రకారం ముందు నా వేలు ఏ మెట్టు మీద ఉందో చూశాడు. ఐదు మీదే ఉంది. చప్పట్ల హోరులో శృతి తేడా ఆయన చెవిన పడలేదు. చేయి ఎత్తి పద్యం అందుకున్నాడు.

మొదటి పాదానికే ఆయన నుదుటి మీద నరం లేచింది. రెండో పాదంలో నా వైపు చూశాడు. నేను తల దించుకుని వాయిస్తున్నాను. మధ్యలో ఆపితే గొంతు పోయిందంటారు. ఆయన ఆపే మనిషి కాదు. చివర రాగం తీస్తూ పై స్వరానికి పోయేసరికి గొంతు రెండుగా చీలింది. పందిరి కింద ఎవరూ కదల్లేదు. ఆయన మళ్లీ ఎత్తుకున్నాడు. నేను తిత్తి బలంగా ఊది ఆ శృతినే ఇంకా గట్టిగా మోగించాను. ఈసారి గాలి తప్ప స్వరమే రాలేదు. దగ్గు వచ్చింది. వెనక ఎవడో నవ్వాడు. ఆ నవ్వు చాలామందికి పాకింది. వర్తకులు తొందర తొందరగా శాలువా కప్పేశారు.

సభ ముగిశాక పందిరి వెనక ఆయన నా దగ్గరికి వచ్చాడు. వంగి తిత్తి ఊది, తనే ఒక మెట్టు నొక్కాడు. ఆ చెవికి అంత చాలు.

"ఇది ఆరు."

"అవునన్నా, ఆరే."

"ఎందుకు చేసినావు?"

చెప్పాను. ఏళ్ల తరబడి మనసులో దిద్దుకున్న మాటలు అవి. కోసిగి, చెంపదెబ్బ, తెల్లవారి పెట్టె ఎత్తుకొచ్చిన ముసలాయన, ఆయనతో అన్న మాట. రాజు నుదురు చిట్లించి నిజంగానే ఆలోచించాడు.

"కోసిగిలో శానాసార్లు ఆడినా," అన్నాడు చివరికి. "నాకు యాది లేదప్పా."

అది అబద్ధం కాదు. ఆయన ముఖంలోనే తెలుస్తోంది. నా మనసు ఒక్క క్షణం ఖాళీ అయింది. అయినా తమాయించుకున్నాను.

"అది యాది లేకున్నా ఫరవాలేదన్నా. ఈ పొద్దుది యాది ఉంటాది," అన్నాను.

సాయంత్రానికి కబురు ఉస్తాద్‌కు చేరింది. ఆయన నన్ను తిట్టలేదు. "మనిషి మీద కోపముంటే మనిషిని కొట్టల్ల. నువ్వు నా పెట్టెతో అబద్ధం ఆడించినావు," అన్నాడు. ఆ రెండో పెట్టె ఊడదీసి, రీడ్లన్నీ ఒక గుడ్డలో మూటగట్టి తన దగ్గర పెట్టుకున్నాడు. నెల రోజులు నాతో పనికి సంబంధించిన మాట తప్ప మరో మాట మాట్లాడలేదు. ఆయన ముందు తల వంచుకుని ఉన్నాను. తప్పు చేశానని మాత్రం అనలేదు.

సన్మానం జరిగిన రెండు దినాలకు రాజు హార్మోనిస్టు తన పెట్టె తీసుకుపోవడానికి వచ్చాడు. నా ఈడు మనిషి. పెట్టె చూసుకోకుండా గుసగుసగా అడిగాడు.

"ఆ పొద్దు నువ్వు వాయించిన రెండోది, అట్లాంటిది నాకొకటి చేసిస్తావా అన్నా?"

"నీకెందుకది?"

ఆయన ఎడమ చెవి నా వైపు తిప్పి, వేలితో తట్టి చూపించాడు. "నంద్యాలలో కొట్టినాడు. ఈ పక్క ఏమీ వినపడదు."

అటువంటి పెట్టె ఇక చేయనని చెప్పాను. ఆయన పెట్టెలో తెగే స్ప్రింగులన్నీ మార్చి, వెంట ఉంచుకోమని ఇంకొక మామూలు పెట్టె కూడా ఇచ్చి పంపించాను.

రాజు ఆ తర్వాత శృతి దించుకున్నాడని విన్నాను. నాలుగుకు, తర్వాత మూడుకు. ఇంకొక రెండేళ్లకు వేషం మానేశాడని, పద్యం మధ్యలో గొంతు పట్టేస్తుందన్న భయం ఆయన్ను వదల్లేదని ఎవరో అంగడి ముందు నిలబడి చెప్పారు. అప్పుడు నేను ఒక రీడును నోటితో ఊది చూస్తున్నాను. జాలి కలుగుతుందేమోనని కాసేపు ఆగాను. కలగలేదు. రీడు సరిగ్గా పలికింది. దాన్ని పెట్టెలో బిగించి, తర్వాతిది తీసుకున్నాను.