తప్పులు ఏడు, తర్వాత ఏమైంది?

జూలై పదకొండు, శుక్రవారం. పొద్దున ఆరున్నరకు జనగామ బస్టాండులో దిగి టైపు ఇన్‌స్టిట్యూట్‌కు నడిచి వెళ్తే షట్టర్ కిందికి దించి ఉంది. ఏడాదిన్నరలో ఆ షట్టర్‌ను అట్లా చూడటం అదే మొదటిసారి. వాన కొట్టినా, బంద్ ఉన్నా ఆరింటికల్లా సార్ షట్టర్ ఎత్తి, మిషన్ల మీది గుడ్డలు తీసి దులిపి పెట్టేవారు. మా బ్యాచ్‌లో అందరికంటే పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి, మేమంతా అక్కా అని పిలిచే ఆమె, సార్ ఊరెళ్తే ఇచ్చిపోయే తాళంచెవి చేతిలో పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సార్ ఇగ రాడు తమ్మీ. మానుకోటల బిడ్డ ఇంటికాడ రాత్రి గుండెనొప్పి వచ్చిందట. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయిందట."

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. బుధవారం సాయంత్రం రైలెక్కే ముందు సార్ నాతో మాట్లాడారు. శనివారం వస్తానన్నారు.

ఈ పత్రిక చదివే మీకు ఆయన తెలియదు. ఈ సంచికలో నా కథ ఉంది. కథతో పాటు నా గురించి నాలుగు వాక్యాలు రాసి పంపమని సంపాదకురాలు అడిగారు. మాది లింగాల ఘనపూర్ మండలమనీ, డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాననీ రెండు వాక్యాలు రాశాను. మూడో వాక్యం సార్ గురించి మొదలైంది. అది ఆగడం లేదని చెబితే, ఆపకుండా రాయమన్నారు.

జనగామలో ఇంకా టైపు మిషన్లున్నాయా అని నవ్వేవాళ్లుంటారు. ఉన్నాయి, ఎనిమిది. టైపు పాసైన సర్టిఫికెట్ ఉంటే కోర్టు ఉద్యోగానికి పనికొస్తుందని బాపు నన్ను చేర్పించాడు. నేను మాత్రం వెళ్లిన వారానికే ఆ చప్పుడుతో ప్రేమలో పడ్డాను. నా వేలు కదిలితే కాగితం మీద అచ్చులో 'అ' పడుతుంది. సార్ చెక్క స్కేలుతో బల్ల మీద దరువు వేస్తుంటే ఎనిమిది మిషన్లూ ఒక్కసారే పలికేవి. వేళ్ల మీద గుడ్డ కప్పి, చూడకుండా కొట్టమనేవారు. రబ్బరు తేనిచ్చేవారు కాదు.

"రబ్బరు తెచ్చినోడు ఇంటికి పోవచ్చు. తప్పు కొట్టినవా, కొట్టినవ్. ఆడనే కూసుండి ఏడ్వకు, ముందటికి పో. రేపు కొత్త కాయితమిస్త" అనేవారు.

గంట అయిపోగానే అందరం మా కాగితాలను గోడకున్న క్లిప్పుకు పెట్టి వెళ్లాలి. సార్ సాయంత్రం వాటిని ఎర్ర పెన్సిలుతో దిద్ది, కింద తప్పుల లెక్క వేసి, మళ్లీ క్లిప్పుకు పెట్టేవారు. మర్నాడు ముందు వచ్చినవాళ్లు వాటిని అందరికీ పంచాలి. అదీ అక్కడి పద్ధతి.

ఒకరోజు పాఠం పది నిమిషాలు ముందే అయిపోయింది. నోటుబుక్కులో దాచుకున్న నా కథ అచ్చక్షరాల్లో ఎట్లా ఉంటుందో చూడాలనిపించి, కాగితం తిప్పి వెనకవైపు మొదటి పేరా కొట్టాను. పాలకుర్తి ఆటో నడిపే సంపత్. వాన. ఆఖరి ట్రిప్పు. వెనక సీటంతా ఖాళీగా ఉన్నా అనిల్ అతని పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. హ్యాండిల్ మీదున్న సంపత్ చేతి మీద తన చెయ్యి పెట్టాడు. సంపత్ తీయలేదు. అంతవరకే కొట్టాను. గంట అయింది, అందరితో పాటు లేచాను, కాగితం క్లిప్పుకు పెట్టి బస్సెక్కాను.

మా ఊరి మూలమలుపు దగ్గర బస్సు వంగుతుండగా గుర్తొచ్చింది. మర్నాడు కాగితాలు పంచేది అక్కే. రోజూ ముందొచ్చేది ఆమే కదా.

మొదటి బస్సు పట్టుకుని పరుగెత్తినా అక్క నాకంటే ముందే ఉంది. అందరికీ పంచేసింది. "నీది లేదు తమ్మీ. సార్ ఇంటికి తీస్కపోయిండట. గంత ఘనంగ ఏం కొట్టినవ్‌రా?" అని నవ్వింది. ఆ గంటలో నేను కొట్టిన పాఠంలో ఒక్క పదం కూడా సరిగ్గా రాలేదు.

అందరూ వెళ్లాక సార్ చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చారు. నా పేరా మీద ఏడు ఎర్ర సున్నాలు. కింద ఆయన గుండ్రటి రాతలో ఇట్లా ఉంది: "తప్పులు ఏడు. తర్వాత ఏమైంది?"

"ఏడ చూసి కొట్టినవ్?"

"ఏడ లేదు సార్. నాదే."

"ఇద్దరు మగపోరగాళ్లే గద?"

"అవును సార్."

సార్ స్కేలు తీసి సొరుగులో పెట్టారు. "అబద్ధమెందుకు చెప్పాలె, మొదాలు నాకు నచ్చలే. మలిచి జేబుల పెట్టుకున్న. అన్నం తిన్నంక మళ్ల తీసిన. ఆ వానల ఆటో ఇల్లు చేరిందా లేదా నాకు సమజ్ కావాలె గద."

అప్పటి నుంచి ప్రతి శనివారం బ్యాచ్ అయ్యాక అక్కడే రెండు పేజీలు కొట్టి ఇచ్చేవాణ్ని. ఆయన కథలు చదివే మనిషి కాదు. నలభై ఏళ్లు పిటిషన్లు, బాండ్లు, దరఖాస్తులు కొట్టిన మనిషి. అందుకే ఆయన ప్రశ్నలు సూటిగా ఉండేవి. కథలో అనిల్ ఉద్యోగం దొరికి భూపాలపల్లి బొగ్గుబావికి వెళ్లిపోతాడు. కొన్నేళ్లకు సంపత్ ఒక అమ్మాయిని మనసారా ప్రేమించి పెళ్లి చేసుకుంటాడు. ఆ పేజీల దగ్గర సార్ పెన్సిలు పక్కన పెట్టారు.

"ఆమె మీద ప్రేమ, పావురం నిజమేనా, నటిస్తున్నడా?"

"నిజమే సార్."

"మరి గా అనిల్ మీద ఉండేది?"

"అది కూడా నిజమే. కొందరు అట్ల ఉంటరు సార్. ఆడోళ్లను ప్రేమిస్తరు, మగోళ్లను ప్రేమిస్తరు."

"అయితే పాతది అబద్ధం కాదు, కొత్తది అబద్ధం కాదు."

"అంతే సార్."

"మరి గదే రాయి. నాకు చెప్పినంత సాఫ్‌గ రాయి. నువ్వేందిరా, మూడు పేజీలు మబ్బులు, చినుకులు అని తిప్పితివి!"

ఆ మూడు పేజీలు నాకు చాలా ఇష్టం. తీసేయడానికి వారం పట్టింది. తీసేశాక కథ ఊపిరి తీసుకున్నట్టనిపించింది.

నువ్వు కూడా అట్లాంటివాడివేనా అని సార్ ఒక్కసారి కూడా అడగలేదు. ఒక శనివారం నేనే చెప్పాను. సార్ మిషన్‌లో పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము తీస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: "తెల్సు తియ్. వేరే పాఠం కొడితే నీ స్పీడు ఇరవై దాటది. గీ కథ కొడితే ముప్పై. నలభై ఏండ్ల సంది గిదే పని జేస్తున్న, గంత తెల్వదా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన రెండు గ్లాసుల్లో సగం సగం చాయ్ పోయించి, ఒకటి నా వైపు జరిపారు.

ఈ పత్రిక ప్రకటన నాకు ఫోన్‌లో కనిపించింది. గే, బైసెక్సువల్ పురుషుల జీవితాల మీద కథలు పంపమని ఉంది. సార్‌కు చూపిస్తే నిబంధనలను ఉద్యోగ నోటిఫికేషన్ చదివినట్టు రెండుసార్లు చదివించారు. ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాకూడదు. పదాల పరిమితి దాటకూడదు. సొంత పేరైనా, మారుపేరైనా పెట్టుకోవచ్చు. ఒక్కో నిబంధన దగ్గర వేలు మడిచి, "ఇది అయ్యిందా? ఇది?" అని అడిగారు.

అప్పుడే నేనొక తప్పు చేశాను. నా మొదటి ముగింపులో అనిల్ రైలు పట్టాల మీద పడుకుంటాడు. రాస్తూ నేనే ఏడ్చాను కాబట్టి అది గొప్పదనుకున్నాను. సార్ ఆ పేజీలో ఒక్క సున్నా కూడా చుట్టలేదు.

"ఎందుకు చంపినవ్‌రా?"

"విషాదం ఉంటే బలంగ ఉంటది సార్."

"ఎవలకు బలం? సచ్చినోనికా? వాడు బతికితే ఏం జేస్తడో నీకు తెల్వదు. తెల్వక చంపినవ్."

కోపం వచ్చింది. ఆయనకు చెప్పకుండా ఆ ముగింపుతోనే పంపేశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. కథ బాగుందనీ, చివరి పేజీ మాత్రం ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టుందనీ, అనిల్ ఎందుకు చావాలో ఆలోచించి మళ్లీ పంపమనీ సంపాదకురాలు రాశారు. తలొంచుకుని సార్‌కు ఆ ఉత్తరం చదివి వినిపించాను. నేను ముందే చెప్పలేదా అని ఆయన అనలేదు. "మళ్ల చదువు" అన్నారు. చదివాను. "ఈ మేడమ్ మంచి టీచరు. కొత్త కాయితం పెట్టు" అన్నారు.

కొత్త ముగింపుకు నలభై రోజులు పట్టింది. అనిల్ బతికాడు. భూపాలపల్లిలో ఒక గది, ఒక స్టవ్, మెల్లగా స్నేహితుడైన ఒక తోటి కార్మికుడు. మొదటి షిఫ్టు రోజు అనిల్‌తో తొమ్మిదింటికి హాయిగా చాయ్ తాగించాను. సార్ పెద్ద సున్నా చుట్టారు: "మొదటి షిఫ్టోడు చీకటితోని లేస్తడు. టిఫిన్ డబ్బల అన్నం, పచ్చిపులుసు పెట్టుకపోతడు. కనుక్కున్న." ఎక్కడ కనుక్కున్నారో చెప్పలేదు.

అదే రోజుల్లో బాపు యూరియా కోసం జనగామ వచ్చి, నన్ను చూద్దామని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. సార్ కుర్చీ వేశారు.

"మీ పోరడు మంచిగ రాస్తడు పటేలా."

"టైపా సార్?"

"టైపు మామూలే. కథలు."

బాపు నా వైపు తిరిగాడు. "కథలా? ఏం కథలురా?"

"చెప్త బాపు. అచ్చయినంక" అన్నాను. బస్సులో బాపు మళ్లీ అడగలేదు కానీ, మా ఊరిదాకా రెండుమూడు సార్లు నా ముఖంలోకి చూశాడు.

జూలై తొమ్మిది బుధవారం కథ తీసుకుంటున్నామని ఉత్తరం వచ్చింది. పరుగెత్తుకెళ్తే సార్ మానుకోట రైలుకు సంచి సర్దుకుంటున్నారు. విని, నా వీపు మీద ఒక్కటి చరిచారు. అది ఆయన ఇచ్చిన అతి పెద్ద బహుమతి. తర్వాత అడిగారు: "పేరేం పెట్టినవ్?"

"మారుపేరు సార్. బాపుకు తెలిస్తే..."

"నీ ఇష్టం. పెట్టుకోమని ఆళ్లే రాసిన్రు గద. కానీ ఒక్కటి చెప్త ఇను. పేరు మార్చినా ఆటో మనదే, ఊరు మనదే. రేపు ఎవడో ఒకడు గుర్తువట్టి మీ బాపుకు ఫోన్ల చూపెడతడు. నవ్వుకుంట చూపెడతడు. వాని నోటి నుంచి ఇనకముందే మీ బాపు నీ నోటి నుంచి ఇంటే మంచిది."

"తిడితే?"

"తిట్టొచ్చు. నాకు మాత్రం ఏం తెల్సు? నేను కూడ మొదాలు మలిచి జేబుల పెట్టుకున్న గద."

సంచి భుజాన వేసుకుని, శనివారం మాట్లాడుకుందామని స్టేషన్ వైపు నడిచారు.

నిన్న మానుకోటలో పదకొండో రోజు కార్యమైంది. అక్కతో కలిసి వెళ్లాను. సార్ భార్య నన్ను చూడగానే, "కథ రాసే పిలగానివి నువ్వేనా?" అన్నారు. ఎండాకాలంలో భూపాలపల్లిలో చుట్టాలింటి గృహప్రవేశానికి వెళ్లారట. "అందరు బువ్వ తింటాంటే గీయన బావిల పనిజేసే పోరగాళ్ల నడుమ కూసున్నడు బిడ్డా. పొద్దుగాల ఎన్నింటికి లేస్తరు, టిఫిన్ల ఏం పెట్టుకుంటరు, ఒంటిగ ఉండేటోనికి ఎవలు వండుతరు అని ఒక్కటే అడుగుడు. మా అన్న పరేషాన్, ఈ వయసుల బావకు బొగ్గుబావిల నౌకరి గావాలెనా అని!" ఆమె నవ్వారు, వెంటనే ఏడ్చారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తనకు తెలియని ఒక మనిషి, కాగితం మీద తప్ప ఎక్కడా లేని అనిల్, పొద్దున ఏం తింటాడోనని నా సార్ ఆ బావి కుర్రాళ్ల నడుమ విస్తరి పట్టుకుని కూర్చున్నారు. నాకు తెలిసిన గొప్పతనం ఇంతే. ఇది చాలు.

రాత్రి కాకముందే మా ఊరు చేరి, సంపాదకురాలికి ఉత్తరం రాశాను. మారుపేరు తీసేసి నా పేరు పెట్టమన్నాను. సార్ అడిగినందుకు కాదు, ఆయన అడగలేదు కూడా. ఇంత శ్రద్ధగా దిద్దిన కాగితం మీద నా పేరు నాకు కావాలనిపించింది. పెట్టారు.

రేపు మధ్యాహ్నం సంచిక ఆన్‌లైన్‌లో వస్తుంది. రేపు పొద్దున బాపు పత్తిచేనుకు వెళ్లకముందే నేను లేస్తాను. అమ్మ చాయ్ పెట్టేలోగా వాకిట్లో మంచం వాల్చి, బాపును కూర్చోబెట్టి, మొదటి పేజీ నుంచి చదివి వినిపిస్తాను. బాపు ఆపమంటే ఆపుతాను. చదవమంటే మళ్లీ అక్కడి నుంచే చదువుతాను. ఇది ఎవరి కథరా అని తప్పకుండా అడుగుతాడు. నాది కూడా బాపు, అని చెబుతాను. మీరు ఈ మాటలు చదివే వేళకు మా వాకిట్లో ఎండ వచ్చి ఉంటుంది, బాపు మొత్తం విని ఉంటాడు.