టార్పాలిన్ కింద టేకు కుర్చీలు

ఈ మధ్య ఇక్కడే కెనడాలో, రిచ్‌మండ్ హిల్‌లో మా మనవరాలు కొన్న ఇంటికి వెళితే, పెరట్లో రెండు టేకు కుర్చీలు వానలో నానుతున్నాయి. ప్రాణం ఒప్పక కొంగుతో తుడవబోయాను. “వదిలెయ్ అమ్మమ్మా, అది డేనిష్ డిజైన్, ఫిఫ్టీస్‌ది, అలా గ్రే అవ్వాలి,” అంటూ లోపలికి లాక్కొచ్చింది. ఆ ముక్క నాకూ ఒకప్పుడు చెప్పారు. నేనే చెవిన పెట్టలేదు.

మావారు హామిల్టన్‌లో ఉక్కు ఫ్యాక్టరీ ఇంజనీరుగా ఉన్న రోజుల్లో, పక్కింట్లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఉండేది. ఇల్లు అమ్మి వృద్ధాశ్రమానికి పోతూ, తన పెళ్ళినాటి కుర్చీలు రెండు మాకిచ్చింది. ఎక్కడా మేకు కనపడదు, చెక్కలో చెక్క దూర్చి బిగించారు. కూర్చునేచోట మన నులకమంచంలా తాడు అల్లిక. వీపు ఎంత ఏటవాలంటే, కూర్చున్నవాళ్ళు వెనక్కి వాలక తప్పదు. వాళ్ళ దేశంలో ఎండ చుట్టంచూపుగా వస్తుందట, వచ్చిన రోజున అందరూ బయటే ఉంటారట, అందుకే అలా చేశారట. ఎండా వానా తగలనివ్వండి, వెండిరంగుకు తిరుగుతుందని ఆవిడ ఇంగ్లీషులో చెబితే, ఆయన నాకు తెలుగులో చెప్పారు.

టేకును వానకు వదిలేయడమా! మన వయసువాళ్ళకు వేరే చెప్పాలా, కొత్త దుప్పటి చుట్టాలకని పెట్టెలో దాచి, చిరుగుది కప్పుకున్నవాళ్ళం. ఆ సాయంత్రమే రెండింటినీ టార్పాలిన్‌తో చుట్టి, గాలి దూరకుండా తాడు బిగించాను. ఆదివారంపూట కాఫీ గ్లాసుతో ఆయన పెరటివైపు చూస్తే, ఎవరైనా వచ్చినప్పుడు తీద్దాం లెండి అనేదాన్ని. “వాటికి కప్పింది నాకన్నా కప్పవే, చలేస్తోంది,” అని నవ్వేవారు. ఎవరెవరో వచ్చారు, పోయారు. వాళ్ళు పాడుచేస్తారని అప్పుడూ తీయలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మే నెలలో, పడుకుంటే ఆయాసంగా ఉంది, ఎండలో కాసేపు వాలి కూర్చుంటానని అడిగారు. పరుగున వెళ్ళి ముళ్ళు విప్పాను. బూజు కంపు గుప్పుమంది. చెమ్మ బయటికి పోయే దారిలేక తాళ్ళన్నీ కుళ్ళి, చెయ్యి వేస్తే పేలికల్లా ఊడొచ్చాయి. చెక్క నల్లబడి అతుకులు వదిలేసింది. వంటింటి కుర్చీ తెచ్చి వేశాను. దానిమీద కర్రలా నిటారుగా కూర్చుని, కాసేపు వాటికేసి చూసి, “పోన్లేవే, ఎవరూ కూర్చుని విరగ్గొట్టలేదుగా,” అన్నారు. తిట్టినా బాగుండేది. ఆకులు రాలేలోపు ఆయన వెళ్ళిపోయారు.

ఇప్పటివాళ్ళు కొన్నరోజే వాడతారు, పాడైతే ఇంకోటి తెచ్చుకుంటారు. దుబారా అని నేనిప్పటికీ కసురుతూనే ఉంటాను, ఆ బుద్ధి నాతోనే పోవాలి. కానీ వాన వెలిశాక మా మనవరాలూ దాని మొగుడూ ఆ తడి కుర్చీల్లోనే కాళ్ళు చాపుకుని, ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే, కిటికీలోంచి చూస్తూ ఒక్కటే అనుకున్నాను: అన్నేళ్ళ కాపురంలో, తీరిగ్గా కూర్చుంటే మావారి ముఖం ఎలా ఉంటుందో నేనెరగను.